నెబ్రాస్కాలో కొంకేపూడి వారు

మా ఆయనకి ఏ ఊరు వెళ్ళినా ముందు టెలిఫోన్ డైరెక్టరీ చూడాలి. తరవాతే కాఫీ, తరవాతే స్నానం. ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న మనవాళ్ళందరికీ ఈ జబ్బు కొద్దోగొప్పో ఉండేది. డైరెక్టరీలో రావులూ, రెడ్లూ, శాస్త్రులూ ఉన్నారేమో వెతకడం, కనబడితే మొహమాటం లేకుండా ఫోన్ చేసి "మేం తెలుగువాళ్ళమండీ, ఇలా వెళ్తున్నాం" అనడం. అవతలివాళ్ళూ అంతే. "అయ్యో, భోజనానికి రండి" అనేవారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఇళ్ళలో నేను ఎన్నిసార్లు పప్పుచారు తిన్నానో చెప్పలేను.

మా ఆయన పేరు దామోదర్. షామ్‌బర్గ్‌లో ఇంజనీరు. ఆయనకి ఇంకో పిచ్చి కూడా ఉంది, వంశవృక్షం. మామగారు పోయిన దగ్గర్నుంచీ ఒక నల్ల అట్ట పుస్తకంలో కొంకేపూడి వారి ఏడు తరాలూ రాస్తున్నారు. బంధువులందరికీ ఉత్తరాలు రాసి పేర్లు తెప్పించుకోవడం, స్కేలు పెట్టి గీతలు గీయడం, పిల్లలు లేకుండా పోయిన వాళ్ళ పేరు కింద ఎర్ర సిరాతో 'నిస్సంతు' అని రాయడం. ఆ మాట చూస్తే నాకు ఒళ్ళు మండేది. మాకు పెళ్ళై తొమ్మిదేళ్ళు. రెండుసార్లు కడుపు పోయింది. మా ఇద్దరి పేర్ల కింద ఖాళీ చూపించి "ఇక్కడెప్పుడు రాస్తారు ఆ మాట?" అని ఒకసారి అడిగేశాను. పాపం, వారం రోజులు ఆ పుస్తకం తెరవలేదు.

1982 వేసవిలో ఒక పాత మోటార్ హోమ్ కొన్నారు. ఇల్లూ అదే, బండీ అదే. వెనకాల మంచం, మధ్యలో బల్ల, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు, పక్కకి తలుపు. ఎల్లోస్టోన్ చూపిస్తానన్నారు. అప్పటికి నాకు నాలుగో నెల. కుదుపులు లేకుండా మెల్లగా వెళ్ళమని డాక్టర్ చెప్పింది. ఈసారి ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం. మా అమ్మకి కూడా రాయలేదు.

వెళ్ళేటప్పుడు సూ ఫాల్స్ అనే ఊళ్ళో, డైరెక్టరీ పుణ్యమా అని, రాధాకృష్ణ గారనే డాక్టరింట్లో గోంగూర పచ్చడి తిన్నాం. కొండలో చెక్కిన నలుగురు ప్రెసిడెంట్ల తలకాయలూ చూశాం. ఎల్లోస్టోన్‌లో నేలలోంచి పొగలు కక్కుతూ ఎగిరే వేణ్ణీళ్ళు చూశాం. నేను మాత్రం ఏది చూస్తున్నా ఒక చెయ్యి పొట్టమీదే ఉంచుకున్నాను. ఈ బిడ్డ నిలబడితే చాలు, ఇంక జన్మలో దేన్నీ చూడకపోయినా ఫరవాలేదనిపించేది.

తిరుగు దారిలో నెబ్రాస్కా పడమటి వైపు, ఇసకదిబ్బల మీద గడ్డి మొలిచిన బీళ్ళ మధ్య, ఒక చిన్న క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగాం. సాయంత్రం ఆరవుతోంది. నేను పొయ్యి మీద ఉప్మాకి ఎసరు పెట్టాను. ఆయన అలవాటుగా గేటు దగ్గర ఫోన్ బూత్‌కి వెళ్ళారు. ఐదు నిమిషాల్లో పరిగెత్తుకుంటూ వచ్చారు.

"శశీ, డైరెక్టరీలో కొంకేపూడి ఉంది!"

"ఎండ దెబ్బ తగిలిందా?" అని నవ్వాను. ఆ ఇంటిపేరు వాళ్ళు ప్రపంచం మొత్తం మీద నలభైమంది ఉంటారేమో. అందరూ ఆయన పుస్తకంలో ఉన్నారు.

లాక్కెళ్ళి చూపించారు. గొలుసుతో కట్టేసిన పల్చటి డైరెక్టరీ. నిజంగానే ఉంది. కొంకేపూడి బి.

"ఫోన్ చేశారా?"

"చేశాను." ఆయన మొహం అదోలా ఉంది. "ఒక పెద్దావిడ ఎత్తింది. హలో అనలేదు. 'వచ్చారా నాయనా' అంది. భోజనానికి రమ్మంది, దారి చెప్పింది. నేనింకా పేరు కూడా చెప్పలేదు, శశీ. పెట్టేసే ముందు..."

"ఊఁ?"

"'అమ్మాయికి నాలుగో నెల కదా, కుదుపులు పడనీకు, మెల్లగా నడుపు' అంది."

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"నువ్వెవరికి చెప్పావు?" అన్నారు.

"మీరెవరికి చెప్పారు?" అన్నాను.

నాకు అనుమానం ఏమీ లేదు. చెప్పింది ఆయనే. సూ ఫాల్స్ డాక్టరుగారితో వాళ్ళింటి వెనక చెక్క అరుగు మీద గంటసేపు గుసగుసలాడారు. ఆయన కడుపులో మాట దాగదు. ఆ డాక్టరుగారికి తెలిసిన వాళ్ళెవరో ఆట పట్టిస్తున్నారు. ఆయన అనుమానం ఇంకోటి. వంటింట్లో నళినిగారికి, అంటే డాక్టరుగారి భార్యకి, నేనే చెప్పానని. ఎసరు ఇగిరిపోయి గిన్నె మాడేదాకా దెబ్బలాడుకున్నాం. చివరికి ఆయన నల్ల అట్ట పుస్తకం తెచ్చి బల్లమీద పరిచారు.

"ఇదిగో, మా ముత్తాతగారి తమ్ముడు భద్రయ్య, ఆయన భార్య బంగారమ్మ. ఎనభై ఏళ్ళ కిందట కాకినాడలో రంగూన్ ఓడెక్కారు. ఆవిడకప్పుడు ఏడో నెల. ఓడ చేరలేదన్నారు. కానీ మునగడం ఎవరు చూశారు? బర్మాలో దిగే ఉంటారు. వాళ్ళ మనవలెవరో అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చారేమో. తాతగారి పేరూ, మామ్మ పేరూ... రెండూ 'బి'తోనే కదా!"

ఆ పేర్ల కింద ఎర్ర సిరాతో ఆ మాట ఉంది.

"మరి నా సంగతి ఆవిడకెలా తెలుసు?"

"వెళ్ళి అడుగుదాం."

వెళ్ళొద్దని గట్టిగా అని ఉంటే ఆగిపోయేవారు. నేను అనలేదు. ఆ పుస్తకంలో ఒక్కచోటైనా ఆ మాట కొట్టేస్తే చూడాలని నాకూ ఉంది. అది నా స్వార్థమే.

ధాన్యం గోదాములు దాటి, ఎడమకి తిరిగి, మట్టి రోడ్డు పట్టాం. ఎనిమిదవుతోంది. ఎండ పోయింది గాని వెలుగింకా ఉంది. రెండు పక్కలా దిబ్బలు, గడ్డి, మళ్ళీ దిబ్బలు. మనిషి లేడు, గొడ్డు లేదు. నాలుగైదు మైళ్ళు పోయాక నాకు ఏదో వాసన తగిలింది. గ్యాస్ కారుతోందేమోనని పొయ్యి చూశాను. గ్యాస్ కాదు. తడిసిన తాళ్ళు, ఉప్పు, కుళ్ళిన నాచు... మాది మచిలీపట్నం. ఆ వాసన నాకు పుట్టుకతో తెలుసు.

"ఏమండీ, సముద్రం వాసన."

"ఇక్కణ్ణుంచి సముద్రం వెయ్యి మైళ్ళు, శశీ," అన్నారు. కానీ కిటికీ అద్దం ఎత్తేశారు.

ఒక దిబ్బ దిగగానే ఇల్లు కనబడింది. తెల్లటి చెక్క ఇల్లు. చుట్టూ చెట్టు లేదు, ముందు కారు లేదు. కిటికీలో దీపం పచ్చగా వెలుగుతోంది.

"ఏమండీ, ఫోన్ తీగ ఏదీ?"

ఆయన చుట్టూ చూశారు. స్తంభాలు గోదాముల దగ్గరే ఆగిపోయాయి. "భూమిలోంచి వేసి ఉంటారు," అన్నారు. గొంతులో ఇంజనీరు ధీమా లేదు. "నువ్విక్కడే ఉండు. ముందు నేను చూసొస్తాను."

ఆయన దిగగానే పక్క తలుపుకి గడియ వేసుకున్నాను. ఆయన మెట్లెక్కారు. ఇంకా తలుపు కొట్టనే లేదు, అది తెరుచుకుంది. ఆయన లోపలికి వెళ్ళారు. మూసుకుంది.

ఐదు నిమిషాలు. పది నిమిషాలు.

కీచురాళ్ళు లేవు. గాలి లేదు. నా చేతి గడియారం చప్పుడు నాకు వినిపిస్తోంది. అప్పుడు మోటార్ హోమ్ కదిలింది. ముందుకి కాదు, పక్కకి. మెల్లగా ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ రెండో పక్కకి. సింకులో గిన్నె జరిగి గోడకి తగిలింది. కిటికీలోంచి చూశాను. బయట గడ్డి పరక కూడా ఊగడం లేదు.

బల్ల పక్కన కిటికీ మీద ఎవరో వేలితో తట్టారు.

"అమ్మాయ్..."

తెర దించి ఉంది. తియ్యలేదు.

"తలుపు తియ్యమ్మా. బొట్టు పెడతాను."

"మా ఆయనేరీ?" అన్నాను.

"లోపల మా ఆయనతో మాట్లాడుతున్నాడు. కడుపుతో ఉన్నదానివి, బొట్టు పెట్టకుండా పంపుతానా?"

"తలుపు... తియ్యను."

"పోనీలే. కిటికీ దగ్గరికే రా."

ఎవరైనా అడగచ్చు, ఎందుకు వెళ్ళావని. బొట్టు పెడతానంటే వద్దన్న ఆడదాన్ని నేను పుట్టి ఎరగను. దానికి తోడు రెండుసార్లు పోగొట్టుకున్నదాన్ని. ఇప్పుడు వద్దంటే, రేపేదైనా జరిగితే... ఆ బొట్టు కాదన్నందుకేనని జీవితాంతం ఏడుస్తాను. ఇంతే నా ఆలోచన. అవతల ఉన్నది మంచిది కాదని నా ఒంట్లో ప్రతి వెంట్రుకా చెబుతూనే ఉంది.

తెర తియ్యకుండానే అద్దం నాలుగు వేళ్ళ మందం జరిపాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తెర అంచు కిందుగా నుదురు ఆ సందుకి ఆనించాను.

వేలు తగిలింది. చల్లగా... మెత్తగా... పొద్దస్తమానం బట్టలుతికిన చేతిలా ముడతలు పడి ఉంది. తీసేస్తుందనుకున్నాను. తియ్యలేదు. అలాగే నొక్కి ఉంచింది.

"మా పేర్ల కింద ఆ మాట ఉంచనీకమ్మా," అంది, చెవి దగ్గర. "మాకూ ఒకళ్ళుంటార్లే."

వెనక్కి పడ్డాను. అద్దం ఎలా మూశానో తెలియదు. అంతలో పక్క తలుపు దబదబా బాదుతూ "శశీ, శశీ, నేనే!" అని దామోదర్ కేక. గడియ తియ్యడానికి చెయ్యి రాలేదు. ఆయనేనని ఏమిటి నమ్మకం?

"మీ అమ్మ పేరు చెప్పండి," అన్నాను.

"వరలక్ష్మి! తియ్యవే, తల్లీ!"

తీశాను. కాళ్ళకి చెప్పుల్లేవు. బండి స్టార్ట్ చేసి, ఆ మట్టి రోడ్డు మీద కుదుపులన్నీ నా కడుపుకే తగిలేటట్టు నడిపారు. పెద్ద రోడ్డెక్కాకే వేగం తగ్గించారు.

"లోపల ముసలాయనొక్కడే ఉన్నాడు," అన్నారు చివరికి. "ఆవిడేరీ అంటే, 'మా ఆడమనిషి అమ్మాయిని చూడ్డానికెళ్ళింది' అన్నాడు. మంచినీళ్ళిచ్చాడు. నోట్లో పోసుకుంటే ఉప్పు... ఉమ్మేశాను. నేల ఊగుతోంది, శశీ. నేను గోడ పట్టుకున్నాను, ఆయన మాత్రం తాపీగా నిలబడ్డాడు. అమెరికా ఎప్పుడొచ్చారండీ అని అడిగాను."

"ఏమన్నాడు?"

"'ఎక్కడికొచ్చాం నాయనా? ఇంకా రేవు రాలేదుగా' అన్నాడు."

ఆయన అద్దంలో ఒకసారి వెనక్కి చూసుకున్నారు.

"ఆవిడ... నీ దగ్గరికొచ్చిందా?"

"లేదు," అన్నాను.

ఆయనతో నేను ఆడిన మొదటి అబద్ధం అది. ఆయన నా నుదుటికేసి చూశారు. తరవాత మళ్ళీ రోడ్డుకేసి.  అద్దంలో చూసుకుంటే కుంకుమ ఏమీ లేదు. నీళ్ళు ఆరిపోయి, తెల్లటి ఉప్పు మచ్చ మిగిలింది. చీర చెంగుతో చర్మం మండేదాకా తుడిచాను.

ఇల్లు చేరాక ఒక ఆదివారం ఆయన బ్లేడు పెట్టి భద్రయ్య పేరు కింద ఆ ఎర్ర మాట గీకేస్తుంటే చూశాను. ఎందుకని నేను అడగలేదు. ఎవరు చెప్పారని అడగడానికి అంతకన్నా భయం వేసింది. ఆయన ఆ ఇంట్లో ఇంకేం విన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మోటార్ హోమ్‌ని వచ్చినకాడికి అమ్మేశాం.

డిసెంబరు ఆఖరి వారంలో అమ్మాయి పుట్టింది. నెలలు నిండి, ఆరున్నర పౌన్లు, గట్టి గొంతు. ఇద్దరం వెక్కి వెక్కి ఏడ్చాం. బయట మోకాలి లోతు మంచు, మా వాళ్ళెవరూ రాలేదు. ఆస్పత్రిలో ఆ అంతస్తు మొత్తానికి మేమొక్కళ్ళమే ఇండియన్లం. రాత్రి పసిపిల్లలందర్నీ అద్దాల గదిలో వరసగా పడుకోబెట్టి, నర్సులే కాపలా ఉంటారు. తండ్రుల్ని కూడా లోపలికి రానివ్వరు.

మర్నాడు పొద్దున్న నర్సు పాపని తెచ్చి నా పక్కన పడుకోబెట్టింది. గుడ్డ విప్పి, వేళ్ళు లెక్కపెట్టుకుంటుంటే ఎడమ అరికాల్లో నల్లగా కనబడింది. దిష్టిచుక్క. ముట్టుకుంటే జిడ్డుగా నా వేలికంటింది. ఆముదం దీపం మీద పట్టిన కాటుక.

తల ఎత్తాను. దామోదర్ అప్పటికే నాకేసి చూస్తున్నారు.

"నువ్వు పెట్టావా?" అన్నారు మెల్లగా.

"మీరు కాదా?"

ఈసారి ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం నమ్మాం. దూది తడిపి తుడిచేశాను. సులువుగానే పోయింది. ఆ రాత్రి ఎంత చెప్పినా పాపని అద్దాల గదికి పంపలేదు. నర్సుతో దెబ్బలాడి నా పక్కలోనే పడుకోబెట్టుకుని, రెండు పాదాలూ నా గుప్పిట్లో పెట్టుకున్నాను. దామోదర్ కుర్చీ లాక్కుని తలుపుకి అడ్డంగా కూర్చున్నారు. లైటు ఆర్పలేదు. తెల్లవార్లూ ఇద్దరం రెప్ప వెయ్యలేదు.

పొద్దున్న గుప్పిట విప్పి చూస్తే, రెండో అరికాల్లో కూడా ఉంది, అదే నల్ల చుక్క.