అట్టముక్క మీద బోల్టులు

ఫ్రీజర్ తలుపు తీసిన కోడలు, ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన కవర్లో చుట్టి ఉన్న ఇనుప చక్రాన్ని వేలితో పొడిచి చూసింది. తర్వాత తలుపు మూసి, స్టవ్ మీది పాలు దించి, గొంతు పెంచకుండానే పిలిచింది.

"అత్తయ్యా, ఐస్‌క్రీమ్ పక్కన ఇదేమిటి?"

"బేరింగ్ అమ్మా. చల్లబడితే రవ్వంత ముడుచుకుంటుంది. అప్పుడు దాని గూట్లోకి సులువుగా దిగుతుంది."

"నిన్న ఆయన చాక్లెట్ అనుకుని కవర్ విప్పబోయారు."

"పళ్ళు జాగ్రత్తని చెప్పు."

కోడలు నవ్వబోయి తుమ్మింది. జలుబు చేసి ఆమె ముక్కు పూర్తిగా దిబ్బడేసింది. ఆ జలుబే లేకపోతే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

పెద్దావిడ లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. భర్త పోయాక ఒంటరిగానే ఉంటానంది. కొడుకు ఏడాది పాటు బతిమాలి బతిమాలి తన ఫ్లాట్‌కి తెచ్చుకున్నాడు. "వస్తాను గానీ, ఎవరికైనా అడ్డమనిపించిన రోజున వేరే గది చూసుకుంటాను. అప్పుడు ఆపకూడదు" అని ముందే చెప్పి మరీ వచ్చింది. వచ్చిన తల్లి పుస్తకాలు చదువుకుంటుందని, సాయంత్రాలు పార్కులో నడుస్తుందని కొడుకు లెక్క. ఆవిడేమో వీధి చివర పాత ఇనుము కొట్టులో, కదలని మెదలని మోటారుసైకిల్ ఒకటి తుక్కు ధరకి కొనుక్కొచ్చింది. బండి కింద పార్కింగ్‌లో గోడకు చేరగిలబడింది. దాని ఇంజన్ మాత్రం పైన బాల్కనీలో బల్లెక్కింది.

కొడుకు పనిచేసేది ఇన్సూరెన్స్ ఆఫీసులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నుజ్జయిన బండ్ల ఫొటోలు చూసి చూసి ఇంటికొస్తే, ఇంట్లో మళ్ళీ బండే. "నాన్న పోయిన దిగులు అమ్మలో అలా బయటికొస్తోంది" అని భార్యకు వివరించేవాడు. డాక్టరుకి చూపిస్తే మంచిదేమోనని కూడా అన్నాడు. తల్లిని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఆవిడ ఏడుస్తుందేమోనని అతని భయం. ఆ బల్ల దగ్గర ఆవిడ కూనిరాగాలు తీస్తూ ఉంటుందన్న సంగతి అతని చెవికి ఎక్కలేదు.

బల్ల మీద ఆవిడ పనితీరుకు వంక పెట్టడానికి లేదు. కోడలు ఇంటి దగ్గరే కేకులు చేసి అమ్ముతుంది. ఆ కేకు పెట్టె అట్టమూత ఒకటి పెద్దావిడ అడిగి తీసుకుని, దాని మీద ఇంజన్ పై డొప్ప, అదే కేసింగ్, ఆకారాన్ని పెన్సిల్‌తో గీసింది. ఏ బోల్టు ఎక్కడ విప్పిందో ఆ బొమ్మలో సరిగ్గా అక్కడే చిల్లు పొడిచి గుచ్చింది. బోల్టులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ పొడుగులో తేడా. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే కేసింగ్ పగులుతుంది.

ఆ శనివారం కోడలు బజారుకి వెళ్ళగానే, పెద్దావిడ ఒక తప్పు చేసింది. కేసింగ్‌ని వేడి చేస్తే గూడు కాస్త వెడల్పవుతుంది. అందుకని దాన్ని కిరోసిన్‌తో కడిగి, తుడిచి, కోడలి ఓవెన్‌లో పెట్టింది. వేడెక్కాక గుడ్డతో పట్టుకుని బాల్కనీకి పరుగెత్తి, బేరింగ్ కోసం మళ్ళీ ఫ్రీజర్ దగ్గరికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి కేసింగ్ చల్లారిపోయింది. బేరింగ్ సగం దిగి ఓరగా ఇరుక్కుంది. దాన్ని మెల్లగా కొట్టి బయటికి తీసి, ఓవెన్ తుడిచి, కిటికీలు తెరిచి, ఇక ఏమీ కాదులే అనుకుంది.

ముక్కు దిబ్బడేసిన కోడలు అదే ఓవెన్‌లో కేకు చేసి, కింది అంతస్తులోని బ్యాంకు మేనేజరు గారింటికి పుట్టినరోజుకి పంపింది. సాయంత్రానికల్లా కేకు పెట్టెతో సహా తిరిగొచ్చింది. "పెట్రోలు బంకులో నిలబడి తిన్నట్టుందమ్మా" అని కబురు కూడా వచ్చింది.

"తప్పు నాదే" అంది పెద్దావిడ వెంటనే. "నీ ఓవెన్‌లో ఇంజన్ ముక్క పెట్టాను. నిన్ను అడగలేదు. నువ్వొచ్చాక చెప్పనూ లేదు."

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున్నే పెద్దావిడ చీర మార్చుకుని, క్షమాపణ చెప్పి వస్తానని మేనేజరు గారింటికి వెళ్ళింది. ఇదే సందని కొడుకు నడుం బిగించాడు. బాల్కనీలోకి వెళ్ళి, ఇంజన్ ముక్కలన్నీ సంచిలో వేశాడు. అట్టకు గుచ్చిన బోల్టులన్నీ పీకి బకెట్లో పోశాడు. అట్ట చింపి చెత్తబుట్టలో పడేశాడు. బల్ల కూడా తుడిచాడు. పెళ్ళానికి అన్యాయం జరిగితే చూస్తూ ఊరుకునే మొగుణ్ణి కానని అతనికి లోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

తల్లి తిరిగొచ్చి బల్ల చూసింది. బకెట్ చూసింది.

"అట్ట ఏదిరా?"

"చింపేశా. చాలమ్మా, ఇక చాలు! ఈ వయసులో నీకీ చమురు పనేంటి? నాన్న పోయిన బాధ ఉంటే మాతో చెప్పుకో. ఇలా ఇనుము ముందేసుకుని కూర్చుంటే ఎలా?"

ఆవిడ బకెట్లోంచి ఒక బోల్టు తీసి, చూసి, మళ్ళీ అందులోనే వేసింది. "సరే. రేపట్నుంచి గది చూసుకుంటాను" అంది.

అంతే అంది. అరిచి ఉంటే అతను తిరిగి అరిచేవాడు. అరవడానికి ఏమీ మిగలక అతను తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాడు.

మాటల చప్పుడుకి కోడలు బయటికొచ్చింది. బల్ల చూసి మొగుడి వంక తిరిగింది. "ఎవరు సర్దమన్నారు మిమ్మల్ని?"

"నీకోసమే కదా! నిన్న ఏడ్చింది నువ్వే కదా!"

"ఏడ్చింది నేను, అత్తయ్య మీద కోపం నాది. మధ్యలో మీరెవరు? నేను తలనొప్పితో పడుకున్నప్పుడు మీరొచ్చి నా కేకు అచ్చులు, నా కొలతగిన్నెలు మూట కట్టి అటకెక్కిస్తే ఊరుకుంటానా? ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ నాది కాలక్షేపం అంటారు. దాన్ని పని అన్నది అత్తయ్య ఒక్కరే. ఆవిడది మాత్రం దిగులని మీరు తేల్చేశారు. ఒక్కసారి అడిగారా?"

అతను బాల్కనీలో నేల మీద చతికిలబడి బకెట్ దగ్గరికి లాక్కున్నాడు. సంచిలోంచి కేసింగ్ తీసి, ఒక బోల్టు ఒక చిల్లులో పెట్టాడు. అది మునిగిపోయింది. ఇంకోటి పెట్టాడు. అది కొంగ మెడలా పైకి నిలబడింది.

తల్లి చూసీ చూడనట్టు ఊరుకుంది. కానీ ఎంతసేపని?

"అలా కాదురా. బిగించకుండా ఊరికే దోపి చూడు. ఏది ఏ చిల్లులోదైనా అన్నీ ఒకే ఎత్తున నిలవాలి. అప్పుడు సరైనట్టు."

అతను తీశాడు, మార్చాడు, మళ్ళీ తీశాడు. వేళ్ళు నల్లబడ్డాయి. తలెత్తకుండానే అడిగాడు. "నాన్న గుర్తొస్తారనా అమ్మా, ఇదంతా?"

"మీ నాన్నకి సైకిల్ చెయిను పడిపోతే ఎక్కించడం కూడా రాదు. ఇంజన్ చూస్తే ఆయనెందుకు గుర్తొస్తారు?" ఆవిడ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. "లైబ్రరీలో బండి రిపేరు పుస్తకం ఒకటుండేది. ఎవరు తీసుకెళ్ళినా పేజీల నిండా చమురు వేలిముద్రలతో తెచ్చేవాళ్ళు. తిట్టాల్సింది నేనే. తిట్టడం మానేసి, వీళ్ళు ఇందులో అంతగా ఏం చూస్తున్నారా అనుకునేదాన్ని. రిటైరయ్యాక తెలుసుకోవాలనిపించింది. నాకు బావుంటుందిరా. అంతకుమించి ఏమీ లేదు."

నాకు బావుంటుంది. తల్లి నోట ఆ మాట అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నీకు బావుందా, మీ నాన్నకి నచ్చుతుందా, ఇవే విన్నాడు. తనూ ఎప్పుడూ నీకేం ఇష్టమని అడగలేదు. ఏడాది పాటు బతిమాలినప్పుడు కూడా, ఇక్కడికొస్తే నాకు నిశ్చింతగా ఉంటుందనే చెప్పాడు. అతని కళ్ళు చెమర్చాయి. తుడుచుకుంటే చెంప మీద చమురు మరక పడింది. తల్లి కొంగుతో తుడవబోయి, చీర పాడవుతుందని ఆగి, గుడ్డపేలిక అందించింది.

"గది చూడకమ్మా" అన్నాడు. "నా నిశ్చింత కోసం కాదు. నీ బల్ల ఇక్కడుంది కనక."

ఆవిడ అతని చేతిలోని బోల్టు తీసుకుని పక్క చిల్లులోకి మార్చింది. అది మిగతావాటితో సమంగా నిలబడింది.

తిరిగొచ్చిన కేకు పెట్టె మూతను కోడలే తెచ్చిచ్చింది. కొడుకు దాని మీద కొత్త బొమ్మ గీశాడు. గీత వంకరపోయింది గానీ పనికొచ్చింది. ఆ వారంలోనే కోడలు అదే పాత ఇనుము కొట్టు నుంచి తలుపు సరిగ్గా పడని చిన్న ఓవెన్ ఒకటి మోయించుకొచ్చి బాల్కనీలో పెట్టించింది.

"ఇది మీది అత్తయ్యా. నాదాని జోలికొస్తే మాత్రం ఊరుకోను."

"రాను తల్లీ."

కోడలు వంటింటి గ్లౌజులతో వేడి కేసింగ్ పట్టుకుంది. కొడుకు ఫ్రీజర్ నుంచి బేరింగ్‌తో పరుగెత్తుకొచ్చాడు. తల్లి దాన్ని గూటి మీద పెట్టి వదిలింది. సుత్తి అవసరం లేకుండానే టక్కున దిగి కూర్చుంది. ముగ్గురూ ఒక్క క్షణం దానివంక చూశారు.

వీధి మెకానిక్ వచ్చి ఇంజన్‌ని బండికి ఎక్కించిపెట్టిన రోజున, పార్కింగ్‌లో కొడుకు కిక్కు కొట్టాడు. బండి దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గింది, ఒక్కసారిగా గుడగుడమంటూ అందుకుంది. మేనేజరు గారు బాల్కనీలోంచి తొంగి చూశారు. కోడలు చప్పట్లు కొట్టింది. పెద్దావిడ మాత్రం తల ఒక పక్కకి వంచి విని, చెయ్యి చాపి ఆపేసింది.

"అప్పుడే ఆపేశావేం?"

"లోపల ఎక్కడో చిన్న గలగల చప్పుడు వస్తోంది. మళ్ళీ విప్పాలి." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం వెలిగిపోయింది.

కొడుకు ఆ ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"ఖాళీ కేకు పెట్టె ఇంకోటి ఉందా?"