నాలుగో బోల్టు

స్కూటర్ ఎక్కలేకపోతోంది!

మేస్త్రీ ముందుకు వంగుతాడు. ఆక్సిలరేటర్ చివరిదాకా తిప్పుతాడు. కాళ్ల దగ్గర బోల్టులు బిగించే టార్క్ రెంచ్ గడగడ కొట్టుకుంటోంది.

రాత్రి ఏడు దాటింది. కొండ రోడ్డు. చీకటి.

రెండు వంపుల పైన ఎర్ర లైట్లు... కనపడ్డాయి... పోయాయి!

ఆ కారు తను పని చేసిందే. ఇంటి షెడ్డులో, తన చేతుల్తో.

ఆ కారు వెనక సీట్లో తన కూతురు ఉంది.

ఆ కారు ముందు చక్రాలను పట్టుకునే నాలుగు బోల్టులు ఇంకా బిగించలేదు!

"మెల్లగా పొమ్మని చెప్పవే అమ్మా... వంపులో మెల్లగా..."

గాలితో చెబుతున్నాడు. గాలి ఎక్కడ వింటుంది!

పొద్దున వచ్చారు వాళ్లు. ఇద్దరు.

ఒకడు డ్రైవరు. లావుపాటి మనిషి. నోరు విప్పడు. రెండోవాడికి కూతురు పెట్టిన పేరు గళ్ళ చొక్కా. ఆ చొక్కా నడుం దగ్గర ఉబ్బెత్తుగా ఉంది.

"వంపుల్లో బండి ఊగుతోంది. ఊగకూడదు. ఎనభైలో తిప్పినా రోడ్డుకి అతుక్కోవాలి. సాయంత్రానికి కావాలి."

"రెండు రోజుల పని బాబూ."

గళ్ళ చొక్కా చొక్కా ఎత్తి చూపించాడు. పిస్తోలు!

"సాయంత్రానికి" అన్నాడు మేస్త్రీ.

ఎందుకో కూడా వాడు దాచలేదు. "ఇవాళ పోలీసు వ్యాను కొండ దిగుతుంది. అందులో మా అన్న ఉన్నాడు. పదిహేడో వంపులో కాస్తాం. అన్నను దింపుకుంటాం. అడ్డొచ్చినవాణ్ణి లేపేస్తాం. తర్వాత జీపులు వెంటపడతాయి. వాటిని వంపుల్లోనే వదిలించుకోవాలి. అర్థమైందా?"

"అర్థం కాకపోతే బాగుండేది" అంది కూతురు, నాన్నకు స్పానర్ అందిస్తూ.

పాత స్ప్రింగులు పీకారు. పొట్టివి, గట్టివి వేశారు. కొత్త షాక్ అబ్సార్బర్లు. బండి ఊగకుండా లావుపాటి స్టెబిలైజర్ రాడ్డు. చక్రాలను పట్టుకునే లోయర్ ఆర్ములకు కొత్త రబ్బరు బుష్‌లు.

మధ్యాహ్నం మేస్త్రీ ఒక్క అబద్ధం ఆడాడు.

"ఒక స్ప్రింగు రాలేదు బాబూ. రేపొస్తుంది."

స్ప్రింగు గోనెసంచి కింద దొరికింది. మేస్త్రీ చెంప పేలిపోయింది!

"నీ నోట్లోంచి వచ్చేది ఇక ఒక్క ముక్క నమ్మను. ఈ పిల్లే నీ పనికి గ్యారంటీ. బండిలో తేడా వచ్చిందా..." వేలు కూతురి నుదుటికి గురిపెట్టి చూపించాడు.

ఆర్ముల బోల్టులు బండి జాకీ మీద ఉండగా బిగించకూడదు. బిగిస్తే, దించగానే బుష్ మెలితిరిగి చిరిగిపోతుంది. నట్లు చేత్తో తిప్పి వదిలెయ్యాలి. బండి చక్రాల మీద నిలబడి, బరువు పడ్డాక అప్పుడు బిగించాలి. బిగించిన ప్రతి బోల్టు తల మీదా పసుపు రంగు గీత పెట్టాలి.

నలభై ఏళ్ల అలవాటు. "గీత ఉందా, పని అయినట్టు. గీత లేని బోల్టుకు నాది పూచీ కాదు." గొప్పగా చెప్పాడు కూడా. ఎవరికి? గళ్ళ చొక్కాకే!

బండిని జాకీ మీంచి దించాడు. టార్క్ రెంచ్ తేవడానికి ఇంట్లోకి వెళ్లాడు.

అప్పుడే వాళ్లకు ఫోను. వ్యాను ముందే బయల్దేరిందట!

మేస్త్రీ బయటికొచ్చేసరికి కారు గేటు దాటుతోంది. వెనక అద్దంలో కూతురి ముఖం.

"ఆగండి! బోల్టులు బిగించలేదు! ఆగండి!"

కిటికీలోంచి నవ్వు. "మళ్లీ మొదలెట్టాడ్రా!"

స్కూటర్ మీద ఏడో వంపు.

పోలీసులకు ఫోన్ చేస్తే? చెయ్యొచ్చు. జీపులు వెంటపడతాయి. వీళ్లు ఇంకా వేగంగా కొడతారు. ఆ వేగానికి ఆ నట్లు...

వద్దు!

కూతురి నంబరే మళ్లీ నొక్కుతాడు. మూడోసారి ఎత్తారు.

"అమ్మా!"

"అమ్మ కాదు, నేను." గళ్ళ చొక్కా.

"బాబూ, కారు ఆపు! నట్లు చేత్తో తిప్పి వదిలినవి. కుడి వంపులో ఎడమ చక్రం ఊడుతుంది!"

"స్ప్రింగు రాలేదన్నావే, అలాగా?"

"నా పిల్ల మీద ఒట్టు బాబూ!"

"బండి రోడ్డును పట్టుకుని పోతోందయ్యా. ఊగడమే లేదు. చెయ్యి తిరిగిన పనివాడివి మేస్త్రీ!"

ఫోన్ కట్!

మేస్త్రీకి ఏడుపొస్తుంది. జీవితంలో మెచ్చుకోలు వింటే ఏడుపు రావడం ఇదే మొదలు.

ఎనిమిదో వంపు. ముందు లోయ పక్క గోడ చూస్తాడు. గోడ ఉంది. గోడ ఉంటే కూతురు ఉన్నట్టే.

తొమ్మిది. గోడ ఉంది.

పది... ఉంది... ఉంది!

పదకొండో వంపులో కారు ఆగి ఉంది!

డ్రైవరు కిందికి దిగి ముందు చక్రం కేసి చూస్తున్నాడు. పొద్దుట్నించీ నోరు విప్పనివాడు ఇప్పుడు విప్పాడు.

"అన్నా, మేస్త్రీ చెప్పింది నిజమే. లోపల టక్ టక్ మంటోంది."

గళ్ళ చొక్కా వాచీ చూసుకుంటాడు.

"వ్యాను పావుగంటలో పదిహేడో వంపుకొస్తుంది. నీకు పది నిమిషాలు మేస్త్రీ. పిల్ల ఇక్కడే దిగిపోతుంది. బిగించు, ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికి పొండి."

కూతురు దిగుతుంది. గోడ మీద కూలబడుతుంది.

"కళ్లజోడు లేకుండా స్కూటర్ తోలావా నాన్నా?"

"మర్చిపోయానే."

"నన్ను మాత్రం గుర్తుపెట్టుకున్నావు. సంతోషం."

బండి ఎంత కిందికి దిగిందంటే మేస్త్రీ తల పట్టదు. చెయ్యి మాత్రమే దూరుతుంది. చేత్తోనే చూస్తాడు.

మొదటి బోల్టు. రెంచ్ తిరుగుతుంది. టిక్! జేబులోంచి చిన్న సీసా. పసుపు గీత.

రెండు. టిక్! గీత.

మూడు. టిక్! గీత.

నాలుగోది. ఎడమ చక్రం.

మేస్త్రీ చెయ్యి ఆగుతుంది.

పిల్ల దిగిపోయింది. ఇక ఈ కారులో ఉండేది వీళ్లిద్దరే. అడ్డొచ్చినవాణ్ణి లేపేస్తాం... ఆ వ్యాను తోలేవాడికీ ఇంటి దగ్గర ఓ పిల్ల ఉంటుంది.

నాలుగో నట్టు విప్పుతాడు. పిడికిట్లో దాస్తాడు. నట్టు ఉండేది అవతలి పక్క. టార్చి వేస్తే కనపడేది బోల్టు తల మాత్రమే.

ఆ తల మీద గీత పెడతాడు.

నలభై ఏళ్లలో మొదటి దొంగ గీత!

గళ్ళ చొక్కా టార్చి వేసి వంగి చూస్తాడు. "ఒకటి, రెండు, మూడు... నాలుగు. శభాష్!"

"అన్నా" అంటాడు డ్రైవరు. మెల్లగా. "వీళ్లను వదిలేస్తే ఫోన్ చేస్తారు కదా?"

గళ్ళ చొక్కా ఆలోచిస్తాడు.

వాడు మేస్త్రీ జేబులోంచి ఫోను లాక్కుని లోయలోకి విసిరేస్తాడు. కూతురి రెక్క పట్టుకుంటాడు.

"ఎక్కు. మా అన్న దిగేదాకా మాతోనే ఉండు. అప్పుడు మీ నాన్న నోరు తెరవడు."

"వద్దు బాబూ! నన్ను తీసుకెళ్లు! దాన్నొదిలెయ్!"

"నువ్వు దేనికయ్యా ముసలోడివి!"

డోరు ధబ్బున పడుతుంది. ఇంజను మొదలవుతుంది.

"బోల్టు బిగించలేదు!"

"గీత పెట్టావుగా?"

"అది దొంగ గీత!"

గళ్ళ చొక్కా పగలబడి నవ్వుతాడు. "నీకు నిజం చెప్పే అలవాటు ఎప్పుడైనా ఉందా మేస్త్రీ?"

పిడికిట్లో నట్టు చెమటకు జారుతోంది.

పిడికిలి తెరిస్తే తను పోతాడు. తెరవకపోతే... పన్నెండో వంపు. కుడి వంపు!

కారు కదులుతుంది.

మేస్త్రీ బానెట్‌కు అడ్డంగా నిలబడతాడు. హెడ్‌లైట్ల వెలుగులో పిడికిలి తెరుస్తాడు.

నట్టు!

డ్రైవరు ఒక్క చూపు చూసి ఇంజను ఆపేస్తాడు. "అన్నా... ఇది ఆర్ముదే."

గళ్ళ చొక్కా దిగుతాడు. నవ్వు లేదు. పిస్తోలు చేతిలో ఉంది.

"నన్ను లోయలోకి తోసేద్దామనే?"

మేస్త్రీ కళ్లు మూసుకుంటాడు. కానియ్... కాల్చు. పిల్ల బతికితే చాలు.

ఒక క్షణం... రెండు...

"నిన్నెందుకు కాలుస్తాను మేస్త్రీ? పనిలో తేడా వస్తే ఎవరని చెప్పాను?"

మేస్త్రీ కళ్లు తెరుస్తాడు.

పిస్తోలు తన వైపు లేదు. వెనక కిటికీ వైపు తిరిగి ఉంది!

"గ్యారంటీ."

పై వంపులో హారన్... లైట్లు... వ్యాను!

గళ్ళ చొక్కా తల రెప్పపాటు అటు తిరుగుతుంది.

మేస్త్రీ దూకుతాడు!

ధన్!!

నట్టు తారు రోడ్డు మీద దొర్లుతోంది... దొర్లుతోంది... రోడ్డు మేస్త్రీ చెంపకు వెచ్చగా ఉంది. నొప్పి లేదు. ఒళ్లే తెలియట్లేదు.

ఎవరికి తగిలింది? తనకా? దానికా?

లేవలేడు. తల తిప్పలేడు. కిటికీ కనపడదు.

ఎవరికి?...

"నాన్నా!"

కూతురి కేక!

అయితే తగిలింది తనకే.

అమ్మయ్య!