పొగమంచులో మోగిన ముంత

ఆక్టోపస్‌ను బండకేసి ఎంత బాదితే అంత మెత్తబడుతుంది. ఆ మధ్యాహ్నం నుంచీ మొంజియా బాదుతూనే ఉంది. వాకిట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన తాడు మీద, బట్టలు ఆరేసినట్టు, నిన్న పట్టినవి కాళ్లు వేలాడేసుకుని ఆరుతున్నాయి. ఉప్పు వాసన, ఎండిన నాచు వాసన, లోపల ఆవిరి మీద ఉడుకుతున్న గోధుమ రవ్వ వాసన. చలికాలం మొదట్లో కెర్కెన్నా దీవిలో ఏ ఇంటి గుమ్మం తొక్కినా ఇదే వాసన.

ఆ రోజు ఉడుకుతున్న ఆ రవ్వ కుస్‌కుస్ మాత్రం తమ కోసం కాదు. పక్క వీధి పిల్ల నజ్లా పోయి నలభయ్యో రోజు. రాత్రికి పళ్లెం వాళ్లింటికి పంపాలి.

మొంజియా కూతురు దోర్సాఫ్‌కు పదిహేడేళ్లు. నజ్లాకూ అంతే. ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఒకరి చెప్పులు ఒకరు వేసుకుని తిరిగారు. పరీక్షలు అయ్యాక పడవెక్కి అవతలి ఒడ్డున ఉన్న స్ఫాక్స్ పట్నం వెళ్లి, రెండు మంచాల గది తీసుకుని కాలేజీలో చేరాలని అనుకున్నారు. అంతా తేలిపోయింది గానీ, కిటికీ పక్క మంచం ఎవరిదన్న తగువు మాత్రం తేలలేదు. "నీకు చలెక్కువ. కిటికీ నాది," అనేది నజ్లా. ఆ తగువు ఇక తేలదు.

దోర్సాఫ్ మంచం పక్కన మేకుకు ఒక మట్టి ముంత వేలాడుతుంటుంది. ఆక్టోపస్‌లను పట్టేది అలాంటి ముంతలతోనే. తాడుకు వరసగా కట్టి నీటి అడుగున వదిలితే, ఇల్లు దొరికిందనుకుని అది దూరి పడుకుంటుంది. అంచు విరిగి పనికిరాకుండా పోయిన ముంతలు రెండింటిని ఈ ఇద్దరూ చిన్నప్పుడే చెరొకటి దాచుకున్నారు. ముంత మూతి మీద పెదవి ఆనించి ఊదితే "ఊఁ..." అని లావుపాటి మోత. ఉప్పునీళ్లలోకి ఫోన్లు తీసుకెళ్లరు కదా. సముద్రంలో ఉన్న పిల్ల రెండుసార్లు ఊదితే, గట్టు మీదున్న పిల్ల రెండుసార్లు ఊదాలి. ఆ మోతను పట్టుకుని ఇంటికి వచ్చేయొచ్చు. జవాబు ఇవ్వకపోవడమన్నది వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ లేదు.

ఒక్కసారి తప్ప.

"ఏమే, ఇంకెన్నాళ్లు కాలు తడవకుండా కూర్చుంటావు, కొత్త పెళ్లికూతురిలా?" అన్నాడు లసాద్. దోర్సాఫ్‌కు అన్న, మూడేళ్లు పెద్ద. నడుముకు తాడు చుట్టుకుంటున్నాడు.

"నీ ముంతలు నువ్వే లేపుకో."

"తాడు లాగడానికి ఒకరు, ముంత వంచడానికి ఒకరు కావాలి. ఆ ఆక్టోపస్‌కు అన్ని చేతులిచ్చిన దేవుడు నాకు రెండే ఇచ్చాడు. నన్నేం చేయమంటావు?"

మొంజియా నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. "ఇద్దరూ కలిసి వెళ్లండి, ఇద్దరూ కలిసి రండి. మంచు దిగితే ముంతలు పోతే పోయాయి, వెనక్కి తిరగండి. వినిపించిందా?"

"వినిపించిందమ్మా."

"ఏం వినిపించింది? చెప్పు."

"ఇద్దరం కలిసి వస్తాం," అన్నాడు లసాద్, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని.

దోర్సాఫ్ ముంతను మెడలో వేసుకుంది.

పొద్దు వాలుతోంది. నీళ్లు వెనక్కి తీసే ఆటు సమయం. ఆ దీవి చుట్టూ సముద్రం సముద్రంలా ఉండదు. చూపు ఆనినంత దూరం మోకాలి లోతే. కానీ ఆ చదునును అక్కడక్కడ లోతు కాలువలు కోసేసి ఉంటాయి. పైకి ఏమీ తెలియదు. కాలు పెట్టాకే తెలుస్తుంది. కాలువ గట్టు పట్టుకుందామంటే మెత్తటి బురద, పట్టుకున్నంత మేరా చేతిలోకి ఊడి వస్తుంది. కింద బురద కాలు పట్టుకుంటే ఈత వచ్చినవాడికైనా ఒకటే, రానివాడికైనా ఒకటే.

అందుకే దారి పొడుగునా గుంజలు పాతి, వాటికి ఖర్జూరపు మట్టలు కట్టి ఉంటాయి. మట్ట ఆకులు ఏ వైపు వాలితే ఆ వైపు నేల. ఆ దీవిలో పిల్లలు అక్షరాల కన్నా ముందు నేర్చుకునేది ఇదే. ఎంత పగ ఉన్నా ఎవరూ మట్ట జోలికి వెళ్లరు. మట్ట తిప్పినవాడికి శవానికి చుట్టే కఫనుగుడ్డ కూడా దక్కదని ముసలివాళ్లు తిట్టేవారు.

అన్నాచెల్లెళ్లు మట్టలు చూసుకుంటూ నడిచారు. చల్లటి నీళ్లు. పాదాల కింద నాచు జారుతోంది. పెద్ద కాలువ దగ్గరి మట్ట వచ్చింది. నజ్లా దొరికింది అక్కడే. ఆ సాయంత్రం మంచు పట్టింది, పిల్ల దారి తప్పింది అన్నారు అందరూ. వాళ్ల నాన్నకు నడుము పట్టేస్తే, ఆయన ముంతలు లేపడానికి ఒక్కతే వచ్చింది పాపం.

దోర్సాఫ్ ఆగింది. మట్టను తాకింది.

మిగతా మట్టలన్నీ గుంజలకు నారతో కట్టి ఉన్నాయి. ఎండకు తెల్లబడిన పాత నార. దీనికి మాత్రం నీలం నైలాన్ తాడు. ముడి ఎడమచేతి వాటం ముడి. ఆ ముడిని ఆమె రోజూ చూస్తుంది, వాకిట్లో, ఆక్టోపస్‌లు ఆరేందుకు అన్న కట్టిన తాడుకు.

"అన్నా... ఈ మట్ట నువ్వెప్పుడు కట్టావు?"

లసాద్ నడక ఆగింది. వెనక్కి తిరగలేదు.

"నా ముంతలు ఎవడో లేపుతున్నాడు. రోజూ ఖాళీ. ఆ ఒక్క సాయంత్రం తిప్పి పెట్టాను. దొంగ వెధవ మెడదాకా మునిగి బుద్ధి తెచ్చుకుంటాడని. తెల్లారగానే మళ్లీ సరిగ్గా కట్టేశాను. నజ్లా వస్తుందని నేనేమైనా కలగన్నానా?"

దోర్సాఫ్‌కు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. తనకు జ్వరం. కిటికీ అవతల తెల్లగా మంచు. దూరంగా రెండుసార్లు... "ఊఁ... ఊఁ..." తను లేచి ముంత అందుకుంది. లసాద్ వచ్చి చేతిలోంచి తీసుకుని మేకుకు తగిలించాడు. "గాలే పిచ్చిదానా, పడుకో," అన్నాడు. ఆ మోత చాలాసేపు వినిపించింది. తర్వాత వినిపించలేదు.

"పొగమంచు ఉన్న రోజు గాలి ఎక్కడిదన్నా?" అంది. "గాలుంటే మంచు నిలవదుగా."

లసాద్ నడుముకున్న తాడు బిగించుకున్నాడు. "నువ్వు ఊదితే ఊరంతా పరిగెత్తుకొచ్చేది. తిప్పిన మట్ట చూసేవాళ్లు. నీళ్లు ఎక్కేలోపు తనే పైకి వస్తుందనుకున్నా... నోరు విప్పకు. అమ్మ బతకదు." తర్వాత మామూలు గొంతు తెచ్చుకున్నాడు. "ఈ మట్ట దగ్గరే నిలబడు. ముంతలు లేపి వచ్చేస్తా. మంచొస్తే ఊదు."

నీళ్లు చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె నిలబడింది. నీళ్ల చప్పుడు చిన్నదైంది. పక్షులు అరవడం మానేశాయి. పడమటి ఎరుపు మీద ఎవరో తడిగుడ్డ కప్పినట్టు... మంచు. ముందు దూరపు మట్టలు పోయాయి. తర్వాత దగ్గరివి. తర్వాత తన మోకాళ్లు.

"దోర్సాఫ్! ఊదు!"

ఆమె ముంత ఎత్తింది. పెదవికి ఆనించింది.

ఊదలేదు.

ఒక్క నిమిషం, అనుకుంది. ఒక్క నిమిషం భయపడనీ. నజ్లా ఎంత భయపడిందో తెలియనీ. తర్వాత ఊదుతా.

అప్పుడు మోగింది.

"ఊఁ... ఊఁ..."

తన ముంత కాదు. ఎడమ పక్క నుంచి. కాలువ వైపు నుంచి.

"ఆఁ, వస్తున్నా!" లసాద్ గొంతులో నవ్వు. "ఊదుతూ ఉండు, ఆపకు!"

నీళ్ల చప్పుడు కదిలింది. ఆమె వైపు కాదు. ఆ మోత వైపు.

అరవాలి. 'అన్నా, అటు కాదు' అని ఒక్క మాట. నోరు తెరిచింది. ముంత ఇంకా పెదవి మీదే ఉంది. లోపలి నుంచి చల్లటి ఊపిరి ఆమె నోటికి తగిలింది. ఉప్పు వాసన. నాచు వాసన. నజ్లా తలకు రాసుకునే ఆలివ్ నూనె వాసన.

"గాలే పిచ్చిదానా," అంది ముంత. గుసగుసగా. ప్రేమగా. "పడుకో."

"దోర్సాఫ్, నువ్వేనా ఊదేది?" లసాద్ ఆగినట్టున్నాడు. "దోర్సాఫ్...?"

ఇప్పుడు ఊదినా చాలు. ఇప్పుడు కేకేసినా చాలు.

ఆమెకు కిటికీ పక్క మంచం గుర్తొచ్చింది.

పెదవులు మూసుకుంది.

"ఊఁ... ఊఁ..."

నీళ్ల చప్పుడు. ఇంకో అడుగు. ఇంకో అడుగు. తర్వాత పెద్ద చప్పుడు. తర్వాత చిన్న చిన్న చప్పుళ్లు, బురద చేతిలోకి ఊడి వస్తున్నట్టు... ఒకసారి చెల్లెలి పేరు. ఒకసారి అమ్మ పేరు.

అప్పుడు ఊదింది దోర్సాఫ్. పెదవి చిట్లి నెత్తురొచ్చేదాకా ఊదింది. జవాబు రాలేదు.

మట్టలు తడుముకుంటూ ఒక్కతే గట్టెక్కింది. ఊరివాళ్లు దీపాలతో బయల్దేరారు. పెద్ద కాలువలో దొరికాడు లసాద్. గుప్పిళ్ల నిండా బురద. మంచుకు దారి తప్పాడు అన్నారు అందరూ.

మూడో రోజు, దుఃఖం పంచుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు వెళ్లిపోయాక, మొంజియా కూతుర్ని దగ్గరికి పిలిచింది. పెదవి మీది పుండును వేలితో తాకింది.

"ఆ సాయంత్రం ముంత మోత నాకు ఇక్కడికి వినిపించింది. చాలాసేపు మోగింది. తర్వాత వాడి కేక. ఆ తర్వాత మళ్లీ వేరే మోత మొదలైంది. మొదట మోగింది నీ ముంత కాదు. నా పిల్లల చప్పుడు నాకు తెలీదా? అదేంటి తల్లీ?"

"గాలమ్మా."

మొంజియా ఆమె ముఖంలోకి చూసింది.

"పొగమంచులో గాలి ఎక్కడిదే?"

దోర్సాఫ్ లేచి తన గది వైపు నడిచింది. వాకిలి ఖాళీగా ఉంది. ఆరేసే తాడు ఎవరో విప్పేశారు. సిమెంటు గచ్చు మధ్యలో గుంజకు కట్టిన ఖర్జూరపు మట్ట ఒకటి నిటారుగా పాతి ఉంది. గచ్చు ఎక్కడా పగల్లేదు. గుంజకు నీలం నైలాన్ తాడు, ఎడమచేతి ముడి. ఆకుల నుంచి ఉప్పునీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి.

ఆకులు ఆమె గది గుమ్మం వైపు వాలి ఉన్నాయి.

మట్ట ఏ వైపు వాలితే ఆ వైపు నేల.

ఎవరూ తిప్పి పెట్టకపోతే...