చిమ్నీ ఒక్కటే మిగిలిన ఫోటో

"ఇందులో మనుషులేరండీ?"

ఆ అరుపుకి, గోడకి పోస్టర్ తగిలిస్తున్న నితీష్ స్టూల్ మీద నుంచి పడబోయి తమాయించుకున్నాడు.

అరిచింది అక్షర. రాజమండ్రి పిల్ల, దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక బ్రిటిష్ స్కూల్లో హిస్టరీ టీచర్. నితీష్‌ది జగిత్యాల, ప్రింటింగ్ కంపెనీలో డిజైనర్. మర్నాడే పిల్లల ఎగ్జిబిషన్. ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరు, అక్కడి బట్టల మిల్లు, దాని చుట్టూ బతికిన జనం గురించి.

"ఓనర్ ఉన్నడు, చిమ్నీ ఉంది. మస్తు నీట్‌గ వచ్చింది మేడం."

"అసలు ఫోటోలో ముందు వరస నిండా నేత పనిచేసే ఆడవాళ్ళుండాలి! కూలి పెంచమని సమ్మె చేసింది వాళ్ళు. మా పిల్లలు రాసిందంతా వాళ్ళ గురించే. వాళ్ళనే కోసేస్తారా?"

"ప్రింటుకు ఇచ్చేటప్పుడు సైజు సరిపోలే. మా కంపెనీల ముందుగాల ఓనర్ మొఖం పెడ్తం, జాగ మిగిల్తే వర్కర్లు. అలవాటైంది."

అలవాటట! అక్షరకి ఒళ్ళు మండిపోయింది.

"ఈ బొమ్మ ఉంటే నేను ఎగ్జిబిషన్ పెట్టను. మీ ఇంట్లో ఒక్కరైనా లేబర్ క్యాంపులో ఉండి పనిచేసుంటే వాళ్ళని కొయ్యడానికి నీకు చేతులెలా వచ్చేవి?"

కోపంలో మీరు కాస్తా నువ్వైపోయింది. నితీష్ ముఖం ఎర్రబడింది.

"మా నాయిన ఈడనే, ఈ దోహలనే టవర్లు కట్టిండు. చానేండ్లు క్యాంపులనే పన్నడు. ఎవల్ని అంటున్నవ్?"

"మరి ఆ టవర్ల ఫోటోల్లో మీ నాన్న ఉన్నారా?"

నితీష్ పోస్టర్ పీకి, చుట్ట చుట్టుకుని, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

"తప్పు తనది, ప్రతాపం తలుపు మీద!" అని అక్షర పళ్ళు నూరింది.

పొద్దున్నే హాల్లో కొత్త పోస్టర్ ఉంది. గోడ నిండా ఆడవాళ్ళే. ఓనర్ ఒక మూలకి వెళ్ళాడు. చిమ్నీ సగం తెగిపోయింది.

"చిమ్నీ ఏమైంది?" అని ప్రిన్సిపాల్ చిరాకుపడింది.

"చిమ్నీ సమ్మె చెయ్యలేదు మేడమ్," అంది అక్షర.

ప్రిన్సిపాల్ వెళ్ళాక నితీష్ దగ్గరికొచ్చాడు.

"నాయినకు ఫోన్ చేసిన. ఒక్క ఫోటో గూడ లేదన్నడు. నీ మీద గాదు, నా మీదనే కోపమొచ్చింది." కాసేపు నసిగాడు. "ఇంకోటి... ఈమెయిల్‌ల పంపితే సరిపోయే పోస్టర్ ప్రూఫులు రోజూ నీ చేతికి తెచ్చిచ్చిందెందుకో ఎరికేనా? నువ్వంటే ఇష్టం."

అక్షర చెవులు వేడెక్కాయి.

"నాకు కోపం ఇంకా పోలేదు."

"ఎరికే."

"సాయంత్రం డ్యూటీ అయ్యాక కరక్ టీకి రా, మిగతా తిట్లు అక్కడ. వస్తూ మీ నాన్న ఏయే టవర్లు కట్టారో కనుక్కుని రా. వాటి ముందు నిన్ను నిలబెట్టి ఫోటో తీసి ఆయనకి పంపుదాం."

"ఒక్కన్నేనా?"

"నేనూ నిలబడతాలే," అని కసిరింది అక్షర.