మూగబోయిన బడి

పిల్లలూ, సువర్ణగిరిని ఏలిన కీర్తిసేనుడు చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. రాణి చనిపోయిన ఏడాదికే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కన్నతల్లి కోసం కొడుకు ఏడవడం చూడలేక రాజ్యమంతా దండోరా వేయించాడు. తల్లి పోయిన పిల్లలెవరూ ఆమె పేరెత్తకూడదు, కొత్తగా వచ్చినామెనే అమ్మా అని పిలవాలి. ఆ మాటకు వనదేవత కోపించింది. భయపడి అలా పిలిచిన పిల్లలందరికీ, రాజకుమారుడితో సహా, మాట పడిపోయింది.

కట్టెలు కొట్టే సోమన్నా భార్య పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాడే. అతని కొడుకు, ఆరేళ్ళ బుల్లయ్య కూడా మూగబోయాడు. అక్క చెంగల్వ మొండిపిల్ల. పిన్నిని పిన్నీ అనే పిలిచింది కనుక గొంతు మిగిలింది. తమ్ముడు ఆకలని చెప్పలేక పొట్ట చూపిస్తుంటే ఆ పిల్ల గుండె తరుక్కుపోయేది.

బడిపంతులు శేషాద్రిగారు ఒక దారి చెప్పారు. నల్లకొండ గుహలోని రాక్షసుడి దగ్గర, తల్లి పోయిన ఒక ఇంటి కథ తాళపత్రాల మీద ఉంది. దాన్ని బడిలో చదివి వినిపిస్తే శాపం విడుతుంది. చెంగల్వ చద్దిమూట కట్టుకుని బయలుదేరింది.

అడవిలో పులి అడ్డుపడి, మీ ఇంటి సంగతి ఒక నిజం చెబితే వదులుతానంది. అమ్మ చనిపోయిందని చెప్పింది చెంగల్వ. పులి తప్పుకుంది. వాగులో మొసలీ అదే అడిగింది. నాన్న ఇప్పుడు నవ్వుతున్నాడనీ, అది చూస్తే తనకు కోపమొస్తోందనీ చెప్పింది చెంగల్వ. మొసలి వీపు మీద దాటించింది. గుహలోని రాక్షసుడు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

"ఇంకా ఏదో దాస్తున్నావు," అన్నాడు.

"పిన్ని మంచిది," అంది చెంగల్వ ఏడుస్తూ. "జడ వేస్తుంటే హాయిగా ఉంటుంది. ఆమె మీద ఇష్టం పుడితే అమ్మను మర్చిపోతానేమోనని భయం."

రాక్షసుడు కళ్ళు తుడుచుకుని పత్రాలు ఇచ్చేశాడు. మీరు నమ్మినా నమ్మకపోయినా, రాక్షసులకూ అమ్మలుంటారు.

ఇక పంతులుగారి నిర్వాకం వినండి. కొడుకు చదివే బడి కనుక రాజు కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. పంతులుగారు అలవాటు కొద్దీ బెత్తం పట్టుకుని ఒక్కో వాక్యం చదివి వల్లె వేయమన్నారు. నోరు పెగలని పిల్లలు ఏం వల్లె వేస్తారు? పోనీ, కథలోని నీతి పలక మీద రాయమన్నారు. ఒక్క పలక మీదా ఒక్క అక్షరం పడలేదు. ఇంత దూరం వెళ్ళి తెచ్చింది ఇందుకా అని చెంగల్వకు ఏడుపొచ్చింది.

"నీతి వద్దు పంతులుగారూ. కథ చదవండి చాలు," అంది.

ఆయన బెత్తం పక్కన పెట్టి, పిల్లల మధ్య చాప మీద కూర్చుని మొదటినుంచి చదివారు. కథలో పాప అమ్మ చీర వాసన చూసే చోట ఆయన చదవడం ఆపి పత్రాలు ఒళ్ళో పెట్టుకున్నారు. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ సంగతి అంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఆ రోజు పిల్లలకు చెప్పారు.

అప్పుడు బుల్లయ్య నోరు తెరిచాడు.

"ఆ పాప వాళ్ళమ్మ మళ్ళీ రాదా?"

"రాదు నాయనా," అన్నారు పంతులుగారు.

వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. వాడితో పాటు బడంతా గొంతెత్తి ఏడ్చింది. రాజు కొడుకును ఒళ్ళోకి తీసుకుని, చనిపోయిన రాణి పేరు ముందుగా తనే పలికాడు. దండోరా ఆ సాయంత్రమే రద్దయింది.

అక్కాతమ్ముళ్ళు ఇంటికి వచ్చేసరికి పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. బుల్లయ్య ఆమె కొంగు పట్టుకున్నాడు.

"పిన్నీ, మా అమ్మ గురించి చెప్పనా?"

ఆమె పొయ్యి మీది అన్నం దించి వచ్చి, ఇద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుంది.

"చెప్పు నాన్నా," అంది.