వేలానికొచ్చిన సిమెంటు లారీలు

శామ్ మహిమను మొదటిసారి కలిసినప్పుడు అతని నెత్తిమీద సిమెంటు గట్టిపడుతోంది.

ఎర్రగుంట్లలో వాన అంటే అంతే మరి. వేరే ఊళ్లలో హీరో వానలో తడిస్తే జుట్టులోంచి ముత్యాలు రాలతాయేమో గానీ, ఇక్కడ పొద్దుటినుంచీ తలలో చేరిన ఫ్యాక్టరీ దుమ్ము నాలుగు చినుకులకే ప్లాస్టరింగ్ అయి కూర్చుంటుంది. ఆ అవతారంతో, పెన్ డ్రైవ్‌ను చొక్కా జేబులో భద్రంగా అదిమి పట్టుకుని, స్టేషన్ రోడ్డులోని "మహిమ ఫ్లెక్స్ అండ్ జెరాక్స్"లో దూరాడు మన హీరో. హీరో అని ఆ ఊళ్లో అతనొక్కడే అనుకునేవాడు లెండి.

కౌంటర్ వెనకున్న అమ్మాయి తలెత్తింది. "ఏం కావాలప్పా? ఆధారా, రేషన్ కార్డా?"

"గేమ్ కార్డులు. కలర్ ప్రింట్. మందపు పేపర్ మీద."

ఆమె ఫైల్ తెరిచింది. స్క్రీన్ వైపు మెడ వంచి కొంచెంసేపు చూసింది.

"ఈ బల్లి ఏంది?"

"బల్లి కాదండీ, డ్రాగన్! లెవెల్ నైన్ ఫైర్ డ్రాగన్."

"మా గోడమీద గూడా ఉండాది ఒకటి. నిప్పు కక్కదు గానీ, ట్యూబ్‌లైట్ కాడ పురుగుల్ని బాగా తింటాది."

శామ్ అహం దెబ్బతింది. ఆ డ్రాగన్ పుట్టుపూర్వోత్తరాలు, దాని తాత ముత్తాతలు, ఆట నియమాలు, ఆ నియమాలకు మినహాయింపులు అన్నీ వివరించాడు. వాన నిలిచింది గానీ వివరణ నిలవలేదు. జెరాక్స్ కోసం వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు విని విని వెళ్లిపోయారు.

"అర్థమైందా?" అన్నాడు చివరికి.

"శానా బాగా అర్థమైంది. ఈ ఆటను ఈ ఊర్లో నువ్వొక్కడివే ఆడతావు" అంది మహిమ, ప్రింటర్ ఆన్ చేస్తూ.

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అందుకే శామ్‌కు అంత కోపం వచ్చింది.

ఇంజనీరింగ్ చదివి, బోర్డ్ గేమ్‌లూ అనిమే కార్టూన్ల బొమ్మలూ అమ్మే అంగడి పెట్టాడు శామ్. పేరు "లెవెల్ వన్". పెట్టి ఏడాది దాటినా లెవెల్ టూకి పోలేదు. వచ్చేవాళ్లలో సగం మంది ఫోన్ రీచార్జ్ అడిగేవాళ్లు, మిగతా సగం చల్లటి నీళ్లు అడిగేవాళ్లు. ఒకాయన గోడమీది కత్తి పట్టిన అమ్మాయి పోస్టర్‌ను చూసి, "ఈమె ఏ పార్టీ నాయనా?" అని కూడా అడిగాడు.

శామ్‌ను చిన్నప్పటినుంచీ పెంచింది పెద్దమ్మ, అంటే వాళ్లమ్మకు సొంత అక్క. ఆమె ఆ అంగడిని చూసి నిట్టూర్చేది గానీ, ఒక్కనాడూ మూసెయ్యమనలేదు. పొద్దున ప్రార్థనలో మాత్రం "ప్రభువా, మావాని బొమ్మలంగడికి మనుషుల్ని పంపు" అని గట్టిగా, పక్కగదిలోకి వినబడేలా అడిగేది.

ప్రభువు పంపింది మహిమను. కార్డుల కట్ట ఇవ్వడానికి తనే అంగడికి వచ్చింది. చుట్టూ చూసింది. ఒక్క మనిషి లేడు.

"నేనొకటి చెప్తా, ఏమనుకోవద్దు. డ్రాగన్‌ను ఈడ యాడ చూసినారప్పా జనం? లారీలను చూసినారు. పొద్దున లేస్తే లారీలే గదా! లారీల ఆట చెయ్యరాదా?"

"బోర్డ్ గేమింగ్ అంటే ఒక కల్చర్ అండీ. దాంట్లోకి లారీలు..." అని ముక్కు ఎగరేశాడు శామ్. మర్నాడు ఆమె షట్టర్ ఎత్తేసరికి చార్టు కాగితంతో గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు.

అలా పుట్టింది "లోడింగ్" అనే ఆట. ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తుకుని కమలాపురం మీదుగా కడప దాకా, గుండె ధైర్యం ఉంటే ఇంకో దిక్కున దూరంగా ఉండే ఆలూరు దాకా పోవాలి. దారిలో టైరు పంక్చరవుతుంది, మేకల మంద అడ్డమొస్తుంది, డ్రైవరు టీ కాడ ఆగిపోతాడు. టార్పాలిన్ కట్టకముందే వాన కార్డు పడిందా, లోడంతా రాయి. ఆ వాన కార్డు మహిమ ఆలోచన. శామ్ నెత్తి చూసి వచ్చిందట.

సాయంత్రం పూట ఫ్లెక్స్ కౌంటర్ మీదే ఆడేవాళ్లు. ఆట తయారుచేసినవాడు శామ్, ప్రతిసారీ గెలిచేది మహిమ.

"నువ్వు రూల్స్ మారుస్తాండావు!"

"రూల్స్ రాసింది నువ్వు. సరిగ్గా చదివింది నేను."

నవ్వినప్పుడు ఆమె కుడిపక్క పన్ను ఒకటి కొంచెం ముందుకు కనిపించేది. ఆ పన్ను కనిపించడం కోసం శామ్ ఎన్ని లోడ్లు పోగొట్టుకున్నాడో లెక్కలేదు. అనిమేలో వందల ప్రేమకథలు చూసినవాడు, ఏ హీరో ఎప్పుడు చెప్పాలో సోఫాలో కూర్చుని అరిచి సలహాలిచ్చినవాడు, తన వంతు వచ్చేసరికి "ఈ రోజు ఎండ ఎక్కువగా ఉంది కదా" కన్నా ముందుకు పోలేకపోయాడు. నవంబరులో కూడా అదే అన్నాడు.

భయానికి ఇంకో కారణం కూడా ఉంది. మహిమ నాయన జ్ఞానరాజు ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి, పెద్దమ్మ వెళ్లే, శామ్ ఎప్పుడో గానీ పోని చర్చిలో సంఘపెద్ద. పాచికలన్న మాట వింటేనే ఆయనకు గిట్టదు. "ప్రభువు బట్టల కోసం సిలువ కాడ సైనికులు ఆడింది అదే గదా!" అని ఒకసారి శామ్ ముఖం మీదే అన్నాడు. శామ్ ఆ రోజునుంచీ ఆయన ఎదురైతే రోడ్డు దాటేవాడు.

అలాంటి సమయంలో, శామ్ పంపిన ఆట ఫొటోలు చూసి బెంగళూరు నుంచి పిలుపొచ్చింది. కొత్త ఆటల మేళా, సోమవారం. నచ్చిన ఆటను అచ్చేసి దేశమంతా అమ్మే కంపెనీవాళ్లు వస్తున్నారు, "లోడింగ్"ను తీసుకుని రమ్మన్నారు. శామ్ ఎగిరి గంతేశాడు. ఈ ఏడాది కూడా అంగడి నడవకపోతే సిమెంటు ప్యాకింగ్ ప్లాంటులో చేరతానని పెద్దమ్మకు మాటిచ్చి ఉన్నాడు. కాబట్టి ఇదే చివరి లైఫ్. బెంగళూరులో గెలవాలి, గెలిచి వచ్చి మహిమకు చెప్పాలి. ఓడిపోయినవాడి ముఖంతో ఐ లవ్ యూ చెప్పకూడదని అతని సిద్ధాంతం.

ఆటకు ఉన్నది ఒక్కటే సెట్టు. కార్డులు మళ్లీ ప్రింట్ చేసుకోవచ్చు గానీ, లారీలు మాత్రం నిజం సిమెంటుతో బొటనవేలంత అచ్చుల్లో పోసి, ఎండాకాలమంతా ఒక్కొక్కటీ గీకి రంగులేసినవి. శనివారం సాయంత్రం పెట్టె సర్ది, శామ్ గర్వంగా పెద్దమ్మకు చూపించాడు.

"చూడు పెద్దమ్మా! నా చేత్తో తయారైన మొట్టమొదటి సరుకు ఇది!"

పెద్దమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు మూసుకుని ఉంటే బాగుండేదని శామ్‌కు మర్నాడు గానీ తెలియలేదు.

మర్నాడు చర్చిలో కోత పండుగ. ఆ రోజు ఎవరి పొలంలో, ఎవరి ఇంట్లో మొదట వచ్చింది వాళ్లు దేవునికి తెచ్చి పెడతారు. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం వేసి, ఆ డబ్బు సంఘానికి వాడతారు. శామ్ ఆలస్యంగా వచ్చి మగవాళ్ల పక్క కూర్చున్నాడు. బలిపీఠం మెట్లమీద గుమ్మడికాయలు, వేరుశనగ మూటలు, కాళ్లు కట్టేసిన పుంజు, మేకపిల్ల. వాటి మధ్య, బంతిపూల దండ వేసుకుని, అతని పెట్టె.

శామ్ దిగ్గున లేచాడు. వంగి వంగి ఆడవాళ్ల పక్కకు పోయాడు.

"పెద్దమ్మా! అది యాడికి తెచ్చినావు? సాయంత్రం బస్సుకు నేను పోవాల!"

"మొదటి సరుకన్నావు గదరా! ప్రథమ ఫలం దేవునిది కాదా? నేను కమలాపురంలో ఉండేటప్పుడు మొదటి బర్రె ఈనితే..."

"అది బర్రె కాదు పెద్దమ్మా!"

"ఇచ్చింది ఎట్ల వెనక్కి తీసుకుంటారు? కావాలంటే వేలంలో పాడుకో. నీ సామానే గదా, ఎవురు పోటీకొస్తారు?"

పోటీకి ఎవరూ రారన్న మాట శామ్‌కు ధైర్యమూ ఇవ్వలేదు, సంతోషమూ ఇవ్వలేదు.

వేలం పాడించేది జ్ఞానరాజే. గుమ్మడికాయలు పోయాయి. వేరుశనగలు పోయాయి. ఆయన పెట్టెను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. "ఇదేందో ఆటంట. దీంట్లో పాచికలు ఉండాయా?"

"లేవులే జ్ఞానరాజూ, నేను తీసి సంచిలో ఏసుకున్నా" అంది పెద్దమ్మ ధీమాగా.

"సరే. ఎవురప్పా పాడేది?"

జనం పక్కవాళ్ల ముఖాలు చూసుకున్నారు. పుంజు ఒక్కటే ఏదో అంది. శామ్ లేచేలోపు ఆడవాళ్ల పక్కనుంచి ఒక గొంతు వినిపించింది. మహిమ!

శామ్ గబుక్కున లేచి ఆమెకన్నా పైకి పాడాడు. మహిమ ఇంకా పైకి పోయింది. శామ్ ఇంకా పైకి. ఆమె చున్నీ ముసుగులోంచి అతని వైపు కళ్లు పెద్దవి చేసి చూసింది, చెయ్యి కిందికీ పైకీ ఊపింది. రోజూ ఓడించి చాలక, ఈ రోజు కూడా సవాలు చేస్తోందని అర్థం చేసుకున్నాడు మన మేధావి. ఛాతీ విరిచి మళ్లీ పెంచాడు.

పాట గుమ్మడికాయ ధర దాటింది. వేరుశనగ మూట దాటింది. పుంజును దాటి మేకపిల్ల వైపు పోతోంది. వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి. చర్చి చరిత్రలో ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ ఇలా గొంతు చించుకుని పాడటం ఇదే మొదలు. జ్ఞానరాజు తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ చివరికి ఆగిపోయాడు.

"నిలపండప్పా ఇద్దరూ! ఆ పిల్లోడు తన సామాను తానే కొంటాండాడు, సరే. నీకెందుకమ్మా ఇది?"

మహిమ లేచి నిలబడింది. ముఖమంతా ఎర్రబడింది. "ఆయప్ప కోసమే నాయనా! ఒక్కరు గూడా పాడకపోతే నలుగుర్లో తల ఎత్తుకోలేడని పాడినా. కొని ఆయప్పకే ఇద్దామని. కూర్చో, కూర్చో అని ఎంత సైగ చేసినా కూర్చోడే!"

చర్చి ఘొల్లుమంది. శామ్‌కు అప్పుడు తలకెక్కింది. ఇంతసేపూ తన మీద తానే పాట పెంచుకున్నాడన్నమాట. ఆటలో సొంత జట్టు మనిషినే పొడిచేవాణ్ని ఆన్‌లైన్‌లో ఏమంటారో అతనికి బాగా తెలుసు. చర్చిలో అనకూడని మాట కాబట్టి మింగేశాడు.

"ఆయప్ప కోసం నువ్వెందుకు పాడాల?" అన్నాడు జ్ఞానరాజు నెమ్మదిగా.

ఎప్పుడూ జవాబు తడుముకోని మహిమ చున్నీ ముసుగు ముందుకు లాక్కుంది. అందరి తలలూ శామ్ వైపు తిరిగాయి.

"అంటే అంకుల్... ముందు సెటప్ చెప్తా. ఇద్దరు ప్లేయర్లు ఉంటారు..."

"రూల్సు వద్దురా! మాట చెప్పు!" అని అరిచింది పెద్దమ్మ.

శామ్ కళ్లు మూసుకున్నాడు. "నాకు మహిమ అంటే ఇష్టం అంకుల్. బెంగళూరులో గెలిచొచ్చి చెప్తామనుకున్నా. గెలవకపోయినా ఇష్టమే. అంగడి మూసేసి ప్లాంటులో సిమెంటు మూటలు మోసినా ఇష్టమే. నాకు ఈ ఒక్క ముక్క చెప్పేదానికి ఇన్ని నెలలు పట్టింది, క్షమించండి."

జ్ఞానరాజు బిడ్డ వైపు చూశాడు. ఆమె తల దించుకుని, కనిపించీ కనిపించనట్టు ఊపింది. ఆయన పెట్టె మూత తెరిచి, ఒక లారీని బయటికి తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇది మన సిమెంటేనా?"

"మనదే అంకుల్."

"అంచులు పగల్లేదే! నీళ్లు పట్టినావా?"

"రోజూ పట్టినా అంకుల్. ఒక్కోదానికి వారం."

"ఇంత బొమ్మకు వారం నీళ్లు పట్టినావా!" అన్నాడు ఆయన. ముప్పై ఏళ్లు సిమెంటుతో బతికిన మనిషి గొంతులో మొదటిసారి కొంచెం మెత్తదనం వినిపించింది.

పెద్దమ్మ అదును చూసింది. "జ్ఞానరాజూ! పోయినేడు యేసుప్రసాదూ వాని పెండ్లామూ పుంజు కోసం ఒకరి మీదొకరు పాడితే నువ్వేమన్నావు? ఒక ఇంటోళ్లు ఒకే పాట పాడాల, పోటీ పడకూడదు అన్నావా లేదా?"

"అన్నా. వీళ్లు ఒక ఇంటోళ్లు కాదు గదక్కా?"

"నువ్వు ఊ అంటే అవుతారు."

జ్ఞానరాజు లారీని పెట్టెలో జాగ్రత్తగా పెట్టాడు. మూత మూశాడు. పూలదండ సర్దాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఒక ఇంటి పాట. ఒకటోసారి." ఆగాడు. "రెండోసారి." బిడ్డ ముఖంలోకి చూశాడు. కళ్లు తుడుచుకుని, గట్టిగా, చర్చి బయట మేకలకు కూడా వినబడేలా అన్నాడు. "మూడోసారి!"

ఆమెన్ అని సంఘమంతా ఒక్కసారిగా అంది. పెట్టెను శామ్ చేతుల్లో పెడుతూ జ్ఞానరాజు చెప్పాడు. "వచ్చే ఆదివారం మీ పెద్దమ్మను పిలుచుకొని ఇంటికి రా. కూర్చొని మాట్లాడుకుందాం."

"వచ్చే ఆదివారం దాకా ఎందుకంకుల్? రేపు పొద్దున్నే వస్తాం!"

పక్కన మహిమ నెత్తి కొట్టుకుంది. "రేపు నువ్వు బెంగళూరులో ఉండాల గదప్పా!"

శామ్ చేతిలోని పెట్టె వైపు చూశాడు. బెంగళూరు సంగతి అతనికి నిజంగానే గుర్తులేదు.