తడి ఆరని గోడ

సాన్ గబినోలో గోడలు మెత్తడం ఆడవాళ్ల పని. మగవాళ్లు మట్టి తెచ్చి, గడ్డి కలిపి తొక్కి పెడతారు. అరచేత్తో నున్నగా మెత్తేది ఆడవాళ్లే. ప్లాసిదా పొద్దున మెత్తితే మధ్యాహ్నానికి ఆరిపోతుందని ఊళ్లో పేరు. న్యూమెక్సికో ఎండకు ఆరక ఏం చేస్తుంది?

అలాంటిది, కోడలి పురుటికని సిద్ధం చేసిన గదిలో గోడ ఆరలేదు.

మంచం పక్కన, మోకాలెత్తున, చేటంత మేర చెమ్మ. నిన్న మెత్తింది ఇవాళ్టికీ తడే. పైగా కొరుక్కు తిన్నట్టు అక్కడక్కడా గుంటలు. ప్లాసిదా అనుమానం నేరుగా కోడలి మీదికే పోయింది. కోడలు నీవెస్ రైలు స్టేషన్‌కి అవతలి పిల్ల. రైలొచ్చాక వెలిసిన ఆ ఇళ్లంటే పాత ఊరికి మొదట్నుంచీ చిన్నచూపే. కోడలు లేని అత్త గుణవంతురాలని ఊరికే అన్నారా!

"ఏమ్మా, మట్టి తింటున్నావా?"

"నేనా? ఛీ!"

"సిగ్గెందుకే. కడుపుతో ఉన్నప్పుడు నేనూ తిన్నా. కానీ మేకలా గోడకు నోరు పెట్టలేదు."

"మీ మిరపకాయల పులుసే నాకు దిగట్లేదు అత్తయ్యా, గోడలు కూడానా?"

నీవెస్ నవ్వింది గానీ, గోడ వైపు చూడలేదు. గొంతు తగ్గించింది.

"రైలు పోయాక చప్పుడవుతుంది... చప్పరించినట్టు. మీరేనేమో అనుకున్నా."

అత్త మీద కోడలికీ అనుమానమే అన్నమాట. ప్లాసిదాకు ఒళ్లు మండింది.

ఎలాగైనా పట్టుకోవాలని, మధ్యాహ్నం గూడ్సు బండి వేళకు కోడల్ని వాకిట్లో చిక్కుళ్లు ఒలవమని కూర్చోబెట్టి, తను గదిలో కాపు కాసింది. బండి వచ్చింది. కిటికీ అదిరింది, గోడ అదిరింది. బొగ్గు పొగ వాసన లోపలికి కొట్టింది. బండి పోయింది. అంతా సద్దుమణిగింది.

చప్... చప్... చప్...

ప్లాసిదా కిటికీలోంచి చూసింది. నీవెస్ వాకిట్లోనే ఉంది. చిక్కుళ్లు ఒలుస్తోంది.

గోడ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. పొయ్యి ఆ పక్క లేదు. గుంటలు తడిమింది. ఎక్కడా పళ్ల గాట్లు లేవు... చిగుళ్లతో నమిలినట్టు మెత్తగా ఉన్నాయి.

రైలు పట్టాల గ్యాంగు పని నుంచి మొగుడు మెలితోన్ భోజనానికి రాగానే వాకిట్లోనే నిలదీసింది. "ఏమయ్యా, మట్టెక్కడిది?"

"కాలవ గట్టుదే! నేనేం దొంగతనం చేశానా?"

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకోవడం ఆయనకు అలవాటే. ప్లాసిదా దారివ్వకపోయేసరికి ఒప్పుకున్నాడు.

"గట్టు వరదకు కోసుకుపోయిందే. పట్టాల కోసం నేల తవ్విన కోతలోంచి తెచ్చా. అయితే ఏం? మన తాతలు అక్కడ ఒక్క ఎముకైనా వదిలారా?"

ఊరంతా చెప్పుకునే గొప్పే అది. కెప్టెన్ తెలెస్ఫోరో వెంట పన్నెండు కుటుంబాలు మేకల్ని తోలుకుని దక్షిణం నుంచి వచ్చి, కాలవ తవ్వి, గుడి కట్టి, ఊరు నిలిపాయి. చాలా ఏళ్లకు రైలు వచ్చి వాళ్ల శ్మశానం మధ్యనుంచే దారి అడిగింది. ఊరివాళ్లు పెద్దలందరినీ పెట్టెల్లో ఎత్తి కొత్త చోటికి మోశారు. ఒక్క ఎముకైనా వదల్లేదని పండగ పండగకూ చెబుతారు.

"కంచె లోపలివాళ్లనే కదయ్యా ఎత్తారు," అంది ప్లాసిదా మెల్లగా.

 కంచె బయట పాతినవాళ్లెవరో ఇద్దరికీ తెలుసు. నెత్తిన జ్ఞానస్నానం నీళ్లు పడకుండానే, పేరు పెట్టకుండానే పోయినందుకు శ్మశానంలో చోటు దక్కని పసికందులు. వాళ్లను ఎవరూ ఎత్తలేదు. ఎవరూ తలవలేదు.

అందుకే ఆ ఊళ్లో బిడ్డ పుట్టగానే, పాదిరి వచ్చేదాకా ఆగకుండా, పెద్దామె ఎవరో ఒకరు నీళ్లు పోసి పేరు పెట్టేస్తారు. సగం ఊరికి ఆ నీళ్లు పోసిన చెయ్యి ప్లాసిదాదే.  పుట్టబోయే మనవణ్ణి ఈ గోడ పక్కనే పడుకోబెట్టాలి. ఆ గోడకు ఆకలేస్తోంది.

ఈ పసికందులకు కావలసింది నీళ్లే, పేరే. ఇచ్చేస్తే పోతారు. అలా అనుకుని చెంబుతో గదిలోకి వెళ్లి, తడి మీద నీళ్లు పోసింది. ప్రార్థన చదివింది. తీరా పేరు దగ్గరకొచ్చేసరికి భయంలో ఏ పేరూ తోచలేదు. ఇన్ని నెలలుగా నాలుక మీద ఆడుతున్నది ఒక్కటే... ఇంటి పెద్ద మనవడికని దాచిపెట్టిన పేరు.

"తెలెస్ఫోరో," అంది.

గోడ చూస్తుండగానే ఆరింది. తెల్లగా, చల్లగా, మామూలు గోడైంది. ప్లాసిదా సంతోషం పట్టలేక అక్కడే కూలబడి ఏడ్చింది.

సాయంత్రం నీవెస్‌కు నొప్పులొచ్చాయి. పొద్దు ఇంకా కొండ మీద ఉండగానే మగపిల్లాడు పుట్టాడు. ఏడవలేదు. కళ్లు తెరిచి గోడ వైపు చూస్తున్నాడు. ప్లాసిదా వాణ్ణి పళ్లెం మీదికి వంచి పట్టుకుని, ఆలస్యం చేయకుండా నెత్తిన నీళ్లు పోసింది.

పళ్లెంలో చుక్క పడలేదు.

మళ్లీ పోసింది. నీళ్లు మాడు మీద పడుతున్నాయి... ఇంకిపోతున్నాయి. చెంబు ఖాళీ అయింది. పళ్లెం పొడిగానే ఉంది.

"అయిందా అత్తయ్యా?" మంచం మీంచి నీవెస్ నీరసంగా అడిగింది. "ఏం పేరు పెట్టారు?"

వీడికని దాచిన పేరును మధ్యాహ్నమే గోడకిచ్చేశానని, ఆ పేరు పట్టుకుని గోడలోదే వచ్చిందని ప్లాసిదాకు అప్పుడు తెలిసింది. ఒళ్లో పసివాడు ఇంకా కావాలన్నట్టు ఖాళీ చెంబు వైపు తల తిప్పి, చప్పరించాడు.